ఎవరి వాక్యం

"మన కాలేజీ మీద ఎవరో ఇంటర్నెట్లో నవల రాస్తున్నారట," అన్నారు మా ఆయన, అన్నంలో చారు పోసుకుంటూ.

మజ్జిగ తెస్తానని నేను వంటింట్లోకి వెళ్లాను. గిన్నె ఎదురుగానే ఉంది. అయినా గట్టు పట్టుకుని కాసేపు అలాగే నిలబడిపోయాను.

"నవలేంట్రా? కాలేజీ మీద రాయడానికేముంది?" అని మా అత్తగారు వెంకటరత్నమ్మగారు అడుగుతున్నారు.

"పోయినేడు సాయిదుర్గ అని ఒకమ్మాయి పోయింది కదమ్మా, హాస్టల్లో జ్వరమొచ్చి. ఆ అమ్మాయి గురించట. పేర్లు మార్చారు గానీ అంతా మన హాస్టలే. చైర్మన్ గారు ప్రింట్లు తీయించి స్టాఫ్ మీటింగులో బల్ల మీద పడేశారు. ఇది లోపల పనిచేసినవాళ్ల పనే, ఎవరో చెప్పండి అని ఒక్కొక్కళ్ల మొహంలోకీ చూశారు."

"నీ మొహంలోకి కూడానా?"

"అందరి మొహాల్లోకీ." ఆయన నవ్వారు. "నాకేంటి భయం? నేను కథలు చదివేవాణ్ణే కాదు, ఇంక రాయడం కూడానా!"

నేను మజ్జిగ గిన్నె తెచ్చి పెడుతూ, "దొరికితే ఏం చేస్తారట?" అని అడిగాను. గొంతు మామూలుగానే ఉందనుకున్నాను. అత్తగారు తలెత్తి నావైపు చూశారు.

"చెయ్యడానికేముంది? సర్టిఫికెట్లు వాళ్ల బీరువాలోనే ఉన్నాయి కదా," అన్నారాయన.

అది 2008 ఎండాకాలం. మేం రాజమండ్రి ఇన్నీసుపేటలో ఒక మేడ మీద అద్దెకుండేవాళ్లం. మా ఆయన శశిభూషణ్ ఆ కాలేజీ మగపిల్లల క్యాంపస్‌లో ఫిజిక్స్ లెక్చరరు. చేరేటప్పుడే పదో తరగతి నుంచి ఎమ్మెస్సీ దాకా అసలు సర్టిఫికెట్లన్నీ తీసి దగ్గర పెట్టుకున్నారు. లెక్చరర్లందరివీ అంతే. వాళ్లతో చెడిందంటే ఇంకో కాలేజీ గుమ్మం తొక్కడానికి చేతిలో కాగితం ఉండదు.

ఆ నవల రాస్తున్నది నేను. నేనొక్కదాన్నే కాదు, ముగ్గురం. ఆడపిల్లల క్యాంపస్‌లో నేను సంస్కృతం చెప్పేదాన్ని. సాయిదుర్గ పోయాక ఆ గేటులోంచి లోపలికి నడవలేక మానేశాను. కెమిస్ట్రీ చెప్పే సత్యప్రసాద్ గారూ అప్పుడే మానేశారు. మూడో మనిషి దేవిశ్రీ. హాస్టల్లో సాయిదుర్గ పక్క మంచం పిల్ల, ఇప్పుడు కాకినాడలో ఇంజనీరింగు చదువుతోంది. సత్యప్రసాద్ గారు తన పేరు మీద వెబ్‌సైటు ఒకటి తీసుకుని మా ఇద్దరికీ పాస్‌వర్డులిచ్చారు. లోకానికి అది చదువుకునే పేజీ. మా ముగ్గురికి మాత్రం ఎప్పుడైనా తెరిచి దిద్దుకునే పేజీ. నవల పేరు 'స్టడీ అవర్'. రచయితల పేర్లు లేవు.

మా ఆయన కాలేజీకి వెళ్లాక, కూరగాయలకని చెప్పి నేను నెట్ సెంటరుకి వెళ్లేదాన్ని. ఒక పేరా రాసి వచ్చేదాన్ని. మర్నాడు చూస్తే దాని మధ్యలో దేవిశ్రీ వాక్యం ఒకటి దూరి ఉండేది. సత్యప్రసాద్ గారు నా సంస్కృత సమాసాలు కొట్టేసేవారు. కొట్టేసినవాటిలో ఒకదాన్ని నేను మళ్లీ తెచ్చి పెట్టేదాన్ని. అలా అలా ఏ మాట ఎవరిదో మాకే తెలియకుండా పోయింది. సాయిదుర్గకి జ్వరం రావడం, ఇంటికి పంపకుండా సిక్ రూములో పడుకోబెట్టడం, ఇంటికి ఫోను చేసుకోనివ్వకపోవడం, పరీక్షలు దగ్గరపడ్డాయని మాత్రలిచ్చి చదివించడం, చివరికి ఆస్పత్రికి తీసుకెళ్లేసరికి చెయ్యి దాటిపోవడం, అన్నీ రాశాం. ముగ్గురం ఒకచోట కూర్చున్నది మాత్రం ఎప్పుడూ లేదు.

మా ఆయనకి చెప్పలేదు. చెబితే ఆయన అబద్ధమాడాల్సి వస్తుంది. ఆయనకి అబద్ధమాడ్డం రాదు.

మీటింగు జరిగిన రెండు మూడు రోజులకి నెట్ సెంటరు నడిపే శాంతికుమార్ నేను డబ్బులిస్తుంటే మెల్లగా అన్నాడు. "మేడం, నిన్నెవరో ఇద్దరు బండి మీద వచ్చారండి. ఇక్కడ తెలుగులో టైపు చేసేవాళ్లెవరన్నా వస్తారా అని అడిగారు. రారని చెప్పానండి. మీరు కొన్నాళ్లు ఇటు రాకండి."

ఎండలో ఇంటికొస్తుంటే వెనకాల ప్రతి బండి చప్పుడూ నాకోసమే అనిపించింది. సంచీలో ఒక్క వంకాయ కూడా లేదన్న సంగతి మెట్లెక్కాకగానీ గుర్తుకు రాలేదు. అత్తగారు సంచీ చూశారు, నన్ను చూశారు, కందిపొడి సీసా తీశారు.

సత్యప్రసాద్ గారి దగ్గర్నుంచి ఫోను వచ్చింది.

"ఫణిశ్రీగారూ, సైటు నా పేరు మీదే ఉంది కదండీ. పట్టేసుకున్నారు. ఇంటికొచ్చారు." ఆయన ఊపిరి ఫోనులో వినిపిస్తోంది. "సంతకం పెట్టేశానండి."

"దేనిమీద?"

"నవల మొత్తం నేనొక్కణ్ణే రాశాననీ, దాని మీద హక్కులన్నీ కాలేజీకి ఇచ్చేస్తున్నాననీ. పేజీ కూడా తీసేశాను. నా సర్టిఫికెట్లు ఇచ్చేశారు. విజయనగరంలో ఉద్యోగం చూసుకున్నాను. మీ ఇద్దరి పేర్లూ చెప్పలేదండి. ఎంత అడిగినా చెప్పలేదు. ఇంక మీకేం భయం లేదు."

ఫోను పెట్టేశాక మంచం మీద కూలబడ్డాను. ఏడుపు వస్తుందనుకున్నాను, రాలేదు. గుండెల మీంచి బరువు దిగినట్టుంది. ఆ పూట అన్నం రుచిగా తిన్నాను. మా ఆయన ఎప్పుడూ లేనిది సినిమాకి వెళ్దామంటే సరేనన్నాను కూడా.

ఎండలు ముదిరాయి. కాలేజీలకది అడ్మిషన్ల కాలం. లెక్చరర్లు పాఠాలు ఆపి ఊళ్ల మీద పడి, పది పాసైన పిల్లల ఇళ్లకి తిరగాలి. ఇంతమందిని చేర్పించాలని టార్గెట్లు. మా ఆయన పొద్దున్నే టోపీ పెట్టుకుని బండేసుకుని వెళ్లి, మొహమంతా కమిలిపోయి తిరిగొచ్చేవారు. ఒకరోజు కొత్త కరపత్రాల కట్ట తెచ్చి హాల్లో పడేశారు. అత్తగారు చాప మీద కూర్చుని ఒక్కొక్కటీ మడతపెడుతున్నారు. సాయం చేద్దామని నేనూ కూర్చున్నాను.

కాగితం మీద ర్యాంకులొచ్చిన పిల్లల ఫొటోలు. వాటి పైన పెద్ద అక్షరాల్లో, ఎవరో విద్యార్థిని మాటలన్నట్టు:

'తెల్లారగట్ల స్టడీ అవర్లో లాంచీ కూత వినబడితే మా ఊరి రేవులో దిగినట్టే ఉంటుంది.'

మళ్లీ చదివాను.

ఆ వాక్యం మాది. మాట సాయిదుర్గది. ఆ పిల్లది పట్టిసీమ దగ్గర పల్లె. లాంచీ కూత విన్నప్పుడల్లా అలా అనేదని దేవిశ్రీ రాసింది. ఆ వాక్యం అక్కడితో ఆగలేదు. 'లేచి చూద్దామంటే గోదావరి వైపు కిటికీకి మేకులు కొట్టేశారు' అని దాని తోక నేను తగిలించాను. ఆ సగం కోసేసి, ఈ సగం అచ్చేశారు.

"ఏమ్మా, మడతపెట్టడం ఆపేశావేంటి?" అన్నారు అత్తగారు.

"ఎండ దెబ్బేమోనండి," అన్నాను.

చచ్చిపోయిన పిల్ల మాట పెట్టుకుని పిల్లల్ని పిలుస్తున్నారు. ఆ కాగితాలు మోసుకుంటూ మా ఆయన ఊరూరా తిరుగుతున్నారు. వాళ్ల దగ్గర సత్యప్రసాద్ గారి సంతకం ఉంది. ఆ సంతకంతో ఏ వాక్యాన్నయినా ఎక్కడైనా కొయ్యచ్చు. అంతకుముందు భయం బయటెక్కడో బండి మీద తిరిగేది. ఇప్పుడు మా హాల్లో చాప మీదకొచ్చి కూర్చుంది.

మర్నాడే దేవిశ్రీ కాకినాడ నుంచి బస్సెక్కి వచ్చేసింది. హాస్టల్లో చూసినప్పటికన్నా చిక్కిపోయింది. చేతిలో అదే కరపత్రం, నలిగిపోయి.

"సాయిదుర్గ వాళ్ల నాన్నగారు ఫోన్ చేశారు మేడమ్. ఈ కాగితం వాళ్ల ఊళ్లో కూడా పంచారట. ఇది మా అమ్మాయి మాటలా ఉందేంటమ్మా అని అడిగారు. నేనేం చెప్పను?"

మా ఆయన ఊళ్లో లేరు. అత్తగారు పక్క గదిలో పడుకున్నారు. "నెమ్మదిగా మాట్లాడమ్మా," అన్నాను.

"సార్ సంతకం పెట్టేస్తే సరిపోతుందా మేడమ్? అది నాది కూడా కదా! పేజీ మొత్తం నా మెయిల్లో దాచుకున్నాను. మా నాన్నకి తెలిసిన వకీలుగారున్నారు ఇక్కడే. ఒక్కసారి వెళ్దాం రండి."

పార్థసారథిగారు పెద్దాయన. కోర్టుకి వెళ్లడం తగ్గించి ఇంట్లోనే కేసులు చూసేవారు. చెప్పిందంతా విని, దేవిశ్రీ తీయించిన ప్రింట్లలో ఒక పేజీ మాముందు పెట్టారు.

"ఇందులో నీ ముక్క ఏదమ్మా?" అని నన్నడిగారు.

చూశాను. "ఈ పేరా నాదేననుకుంటానండి... మొదటి వాక్యం తను రాసింది. కాదు, సత్యప్రసాద్ గారు దాన్ని మార్చారు."

"నీది?" అని దేవిశ్రీని అడిగారు. తనూ చెప్పలేకపోయింది.

"అలా చెప్పలేకపోవడమే మీకు బలం," అన్నారాయన. "కలిసి రాశారు. ఎవరి వాటా ఎంతో విడదీయడానికి లేదు. అలాంటిది ముగ్గురిదీ అవుతుంది. అతను పెట్టిన సంతకం అతని వరకే. మీ ఇద్దరి ఒప్పుకోలు లేకుండా అచ్చెయ్యడానికి వాళ్లకి హక్కు లేదు. నోటీసిద్దాం. కానీ..."

కళ్లజోడు తీసి పక్కన పెట్టారు.

"నోటీసు ఇవ్వాలంటే మీరు బయటికి రావాలి. పేరు, ఊరు, ఇంటిపేరు. ఇది మేమే రాశామని ఒప్పుకోవాలి. ఒప్పుకున్న మరుక్షణం పరువునష్టం కేసు వేస్తామని వాళ్లంటారు. అప్పుడు ముద్దాయిలూ మీరే. హక్కు ఒక్కటే చేతికి రాదమ్మా, దాంతోపాటు పూచీ కూడా వస్తుంది. ఇంట్లో మాట్లాడుకుని రండి."

వకీలుగారు నోటీసు టైపు చేయించి ఇచ్చారు. దేవిశ్రీ అక్కడికక్కడే సంతకం పెడతానంది. నేను ఆ కాగితం మడిచి సంచీలో పెట్టుకుని ఇంటికొచ్చాను.

రోజులు గడుస్తున్నాయి గానీ నోరు పెగల్లేదు. ఆయన బూట్లు విప్పుకుంటుంటే చెబుదామనుకునేదాన్ని. ఎండకి కమిలిన మెడ చూసి మానేసేదాన్ని. చివరికి ఒక ఆదివారం పొద్దున్న, ఆయన పేపరు చదువుతుంటే దాని మీద ఆ నోటీసు కాగితం పెట్టాను.

"ఏంటిది?"

"చదవండి."

చదివారు. చాలాసేపు పట్టింది. వంటింటి గుమ్మంలో అత్తగారు వచ్చి నిలబడ్డారు.

"కూరగాయలకని వెళ్లింది ఇందుకా?" అన్నారు.

"అవునండి."

"చైర్మన్ గారు నా మొహంలోకి చూసినప్పుడు నీకు తెలుసు."

"తెలుసు."

ఆయన లేచి బాల్కనీలోకి వెళ్లారు. తిరిగొచ్చారు. కరపత్రాల కట్టవైపు చూశారు. నేను ఏడుద్దామనీ, కాళ్లు పట్టుకుందామనీ, అసలు ఇదంతా వద్దులెండి అని చించేద్దామనీ, అన్నీ అనుకున్నాను. ఆయన మళ్లీ కుర్చీలో కూర్చుని జేబులోంచి పెన్ను తీశారు.

"ఇంటిపేరు తప్పు కొట్టారు," అన్నారు. "కొంపల్ల కాదు. కొంపెల్ల." కాగితం మీద దిద్ది నా చేతికిచ్చారు. "కొత్తగా టైపు చేయించు. తప్పు పేరుతో వెళ్తే అది నువ్వు కాదంటారు."

సోమవారం ఆయన కాలేజీకి వెళ్లారు. ఆ కట్ట మాత్రం ముట్టుకోలేదు.

నోటీసు అందిన వారంలోనే కాలేజీ ఆఫీసు వ్యవహారాలు చూసే ఏ.ఓ. వీరాస్వామి మా ఇంటికొచ్చాడు. మిట్టమధ్యాహ్నం. ఆయన ఇంట్లో లేని వేళ చూసుకునే వచ్చాడు. కింద వీధిలో బండి మీద ఇద్దరు కూర్చుని ఉన్నారు. అత్తగారు మంచినీళ్లిచ్చారు. తాగి, చల్లగా ఉన్నాయని మెచ్చుకున్నాడు.

"మేడంగారు సంస్కృతం భలే చెప్పేవారండి," అన్నాడు అత్తగారితో. "ఇప్పుడు రాతలు కూడానట. మాస్టారి సర్టిఫికెట్లు మా దగ్గర భద్రంగా ఉన్నాయండి. పాత భవనం కదా, ఎలకల బెడద. ఏదన్నా అయితే మమ్మల్ని అనకూడదు." తర్వాత నావైపు తిరిగాడు. "ఆ కాకినాడ పిల్ల కూడా పాపం, రోజూ బస్సులో ఒంటరిగా తిరుగుతుందంటగా అండి. రోజులు బాగోలేవు. చెప్పండి కాస్త."

అతను మెట్లు దిగాక కూడా అతని మాటలు గదిలోనే ఉన్నాయి. అత్తగారు వెళ్లి తలుపు గడియ వేశారు. వెనక్కొచ్చి అడిగారు.

"ఆ పిల్ల ఎక్కడుంటోంది?"

"కాకినాడలో, రూములో అండి."

"రమ్మను. ఈ సెలవులన్నాళ్లూ ఇక్కడే ఉంటుంది. నా గదిలో పడుకుంటుంది."

మా ఆయనని ఉద్యోగంలోంచి తీసేశారు. కారణం టార్గెట్ పూర్తి చెయ్యలేదని. సర్టిఫికెట్లు ఇవ్వలేదు. కింద బండి చాలా రోజులు వచ్చి నిలబడేది. ఫోను మోగేది, ఎత్తితే అవతల మాట ఉండేది కాదు. వీధి తలుపు కొట్టిన ప్రతిసారీ నలుగురం ఒకరి మొహం ఒకరం చూసుకుని, ఆ తర్వాతే తీసేవాళ్లం. దేవిశ్రీ నిద్రలో ఉలిక్కిపడి లేస్తే అత్తగారు వీపు రాసేవారు.

పార్థసారథిగారు విజయనగరానికి ఏం రాశారో, ఏం చెప్పారో తెలియదు. ఒకరోజు మమ్మల్ని రమ్మన్నారు. వెళ్లేసరికి ఆయన వసారాలో సత్యప్రసాద్ గారు కూర్చుని ఉన్నారు. జుట్టు బాగా నెరిసింది. మమ్మల్ని చూసి లేచారు గానీ కళ్లెత్తలేదు.

"ఇది నేనొక్కణ్ణే రాసింది కాదని రాసిచ్చానండి," అన్నారు. "ఆ కరపత్రం విజయనగరంలో మా విద్యార్థి ఒకడి చేతిలో చూశాను."

మేం ముగ్గురం ఒకచోట కూర్చోవడం అదే మొదలు. వకీలుగారింట్లో ఇచ్చిన టీ తాగాం.

కేసు కోర్టుదాకా వెళ్లలేదు. వెళ్తే సిక్ రూము సంగతి కూడా అక్కడ తేలుతుందని వాళ్లకి తెలుసు. కరపత్రాలు వెనక్కి తీసుకున్నారు, సత్యప్రసాద్ గారు రాసిచ్చిన హక్కుల కాగితం రద్దు చేశారు. అంతవరకే. మా ఆయన సర్టిఫికెట్లు ఇప్పటికీ రాలేదు. యూనివర్సిటీ నుంచి నకళ్లు తెప్పించుకోవడానికి చాలా కాలం తిరగాల్సి వచ్చింది. ఈలోగా హాల్లోనే ట్యూషన్లు మొదలుపెట్టారు. అత్తగారి చాప పిల్లల కింద పరిచాం. అప్పటికి వానలు మొదలయ్యాయి. దేవిశ్రీ కోసం సెకండ్ హ్యాండ్ కంప్యూటరొకటి కొన్నాం. నవలని మళ్లీ కొత్త పేజీలో పెట్టాం, ఈసారి ముగ్గురి పేర్లతో.

పెట్టిన కొద్ది రోజులకి సాయిదుర్గ నాన్నగారు బుల్లిరాజుగారు వచ్చారు. వానకి తడిసిన చొక్కా, చేతిలో గొడుగు. గుమ్మం దగ్గరే నిలబడిపోయారు.

"మా అమ్మాయి గురించి రాశారటండి. ఒకసారి చదివి వినిపిస్తారా? నాకు చూపు సరిగా ఆనదండి."

నాకు బండి మనుషుల్ని చూసినప్పటికన్నా ఎక్కువ భయమేసింది. దేవిశ్రీ చదివింది. ఆయన మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని విన్నారు. లాంచీ కూత దగ్గర తలూపారు. సిక్ రూము దగ్గర కళ్లు మూసుకున్నారు. 'ఇంటికి ఫోను చేసుకోనివ్వలేదు' అన్నచోట చెయ్యెత్తారు.

"అక్కడ ఆపండమ్మా. అది నిజం కాదండి."

దేవిశ్రీ నావైపు చూసింది.

"చేసిందండి. వార్డెనమ్మని బతిమాలుకుని చేసింది. నాన్నా, జొరం, వచ్చి తీసుకెళ్లిపో అంది. నేనేమన్నానో తెలుసాండి? పరీక్షలు దగ్గరికొచ్చేశాయి కదమ్మా, ఓర్చుకో, మాత్రేసుకో అన్నాను. ఇంకా ఏదో చెప్పబోతుంటే ఫోను పెట్టేశాను. వాళ్ల అమ్మక్కూడా చెప్పలేదండి ఈ సంగతి."

ట్యూషను పిల్లలకి లెక్క చెబుతున్న మా ఆయన చాక్‌పీసు చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయారు.

"బుల్లిరాజుగారూ," అన్నాను ఎలాగో, "ఇది రాస్తే వాళ్లకి ఆయుధమిచ్చినట్టవుతుందండి. తండ్రే ఉండమన్నాడు, మాదేం తప్పుందంటారు."

"అననివ్వండి," అన్నారాయన. "వాళ్లు చేసింది వాళ్లు చేశారు. నేను చేసింది నేను చేశాను. ఇంతమంది ఇన్ని బాధలు పడి రాశారు కదా, అందులో అబద్ధం ఉండిపోతే మా పిల్లకేం మిగుల్తుందండి? రాయండి."

దేవిశ్రీ చేతులు కదల్లేదు. దాన్ని లేపి నేను కూర్చున్నాను. ఆ వాక్యం చెరిపి, కొత్తది టైపు చేసి, పైకి చదివాను: "పరీక్షలయ్యేదాకా ఓర్చుకోమని చెప్పి తండ్రి ఫోను పెట్టేశాడు."

ఆయన కుర్చీలోంచి లేచి తెర దగ్గరికి వంగారు. చూపు ఆనదని తెలిసినా నేను పక్కకి జరిగాను.

"తండ్రి అని ఎవరో పరాయివాణ్ణి అన్నట్టు రాశారేంటండి?" అన్నారు. "పెట్టేశాను అని రాయండి."